ఐదువందల మాటలు

గ్రీమ్స్‌పేట మలుపులో నా షాపు.
జిరాక్సు, లామినేషను, అప్లికేషన్లు నింపబడును.
ఇంకొకటుంది, బోర్డు మీద ఉండదు, అడిగితే చెప్తాను:
కాలేజీ వ్యాసాలు, రెడీమేడ్, నలభై రూపాయలు.

మూడు రకాలు.
తాతకు జబ్బు చేస్తే డాక్టరవ్వాలనుకున్నది ఒకటి.
కరెంటు లేని ఇంట్లో కొవ్వొత్తి కింద చదివింది ఒకటి.
ఓడి గెలిచింది ఇంకొకటి, అది ఆటల పిల్లలకు.
పేరు మారుస్తాను, ఊరు మారుస్తాను.
ఒక్క ఏడాదిలో పలమనేరు నుంచి పూతలపట్టు దాకా
పదకొండు మందికి ఒకే తాత చచ్చిపోయాడు.

జూన్ నెల. టౌనంతా మామిడికాయల లారీలు.
మునీశ్వరి వచ్చింది,
గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు దిగి నేరుగా.
జడ కొసన గుజ్జెండి అట్ట కట్టింది.

"నీ గురించి ఐదువందల మాటలు రాయమన్నారన్నా.
నా గురించి రాసేదానికి ఏముండాది?"

కొవ్వొత్తి తీసి చూపించాను.
చదివింది.
"మా ఇంట్లో కరెంటు పోదన్నా," అంది,
"బిల్లు కట్టేది నేనే."

స్టూలు లాక్కుని కూర్చుంది.
తను తెలుగులో చెప్పాలి,
నేను నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టాలి.
"చిన్నప్పటి నుంచీ నాకు కష్టపడే స్వభావం..."
తనే కొట్టేయమంది. "ఇది చదివితే మాయమ్మ నవ్వుతాది."
"నాయకత్వ లక్షణాలు..."
అక్కడ ఆగింది.
వేళ్ళు చూసుకుంటా కూర్చుంది చాలాసేపు.
తొడిమ తుంచినప్పుడు చిమ్మిన సొన
కాల్చిన నల్ల చుక్కలు, గోళ్ళ దాకా.

"పోయినేడు ఒకటి జరిగింది. రాయొచ్చా?"

బెల్టు మీద తోతాపురి వస్తా ఉంటాది.
కుళ్ళింది తీసి పక్కన పారేసేది నా పని.
కంటికంటే ముందు ముక్కు పట్టేస్తాది దాన్ని.
ఆ రాత్రి అరగంట లేటని
సూపర్‌వైజరు సగం కూలి కోసేశాడు.
మూడు గంటలప్పుడు ఒక కాయ వచ్చింది.
పైనంతా బంగారం, తొడిమ కాడ మెత్తన.
నాకు తెలుసు.
చెయ్యి ఎత్తలేదు.
పోనిచ్చేశా.

కీబోర్డు మీద నా చేతులు ఆగాయి.
"ఇది వద్దు మే. సీటు రాదు."
"ఉండనీ అన్నా."
"పోనీ, పరిగెత్తి బెల్టు ఆపినానని పెడదాం.
ముగింపు బాగుంటుంది."
"ఆపలేదు కదా."

తర్వాత ఇంకా మెల్లగా చెప్పింది.
ఆ డబ్బా ఏ దేశం పోయిందో,
ఏ పిల్లోడు మూత తీశాడో.
ఇప్పుడు ఎవరు జ్యూసు ఇచ్చినా ముందు వాసన చూస్తానని.
తిండి ఎట్లా పాడవుతాదో, ఎన్ని గంటల్లో,
తను వదిలేసింది ఏమయ్యుంటాదో
చెప్పే చదువు ఒకటుందంట,
కెమిస్ట్రీ సార్ చెప్పినాడు,
అందుకే ఈ కోర్సు.

సొన దగ్గర ఒక్కచోట చిక్కు పడింది.
ఫోనులో వెతికితే పాలు అంది, రసం అంది, జిగురు అంది.
మండే మాట ఒక్కటీ లేదు.
"సొన అనే కొట్టన్నా."
"వాళ్ళకెట్లా తెలుస్తుంది?"
"అడిగితే చెయ్యి చూపిస్తా."

లెక్కపెడితే ఐదువందల పద్దెనిమిది.
నేను వాక్యాలు వెతుకుతున్నాను.
"సూపర్‌వైజరు సంగతి తీసెయ్యి," అంది.
"అదే కదమ్మా కారణం?"
"కారణమే. కానీ వాడి మీదికి తోసినట్టుండాది."
తీసేశాను.
ఇంకా రెండు ఎక్కువుంటే
ఒక 'చాలా', ఒక 'ఎంతో' పోయాయి.

నలభై తీసింది.
అది రెడీమేడ్ రేటు. దీనికి నా దగ్గర రేటు లేదు.
ప్రింటుకు పది తీసుకున్నాను.
సీటు వచ్చిందో లేదో,
ఆ పిల్ల మళ్ళీ ఇటు రాలేదు.

మర్నాడు పొద్దున
మురకంబట్టు నుంచి ఒక పిల్లోడొచ్చాడు,
కొవ్వొత్తిది కావాలన్నాడు.
"మీ ఇంట్లో కరెంటు పోతుందా?"
నా మొహం చూశాడు.
"పోదు సార్."
"అట్లయితే," అన్నాను, స్టూలు జరిపి,
"కూర్చో."